పిల్లల ఖర్చుకు నెల నెలా డబ్బు ఇస్తున్నా ముట్టలేదంటున్నారు, ఇకమీదట ఎలా ఇవ్వాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మీరు మిర్యాలగూడలో రైస్ మిల్లుకు డీసీఎం వ్యాను నడుపుతారు. ఏడాదిన్నరగా మీ భార్య, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు కల్వకుర్తి దగ్గర ఆమె తల్లిగారింట్లో ఉంటున్నారు. కోర్టు కేసు ఏదీ లేదు. రెండు ఊళ్ల పెద్దమనుషులు కూర్చుని నెలకు 6,000 అని తేల్చి కాగితం రాశారు. మీరు 14 నెలలు ఇచ్చారు, ఎక్కువ సార్లు నగదుగా, మీ బావమరిది చేతికి. ఇప్పుడు వాళ్లు ఐదు నెలలదే ముట్టిందంటున్నారు. పిల్లలతో ఫోన్లో కూడా మాట్లాడనివ్వడం లేదు. "చూపించని పిల్లలకు పైసలెందుకు, ఆపెయ్" అని మీ ఇంట్లో వాళ్లంటున్నారు. ఎలా ఇస్తే లెక్కలోకి వస్తుంది, ఆపితే ఏమవుతుంది, పని లేని నెలలో ఏం చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. డబ్బు ఆపకండి, నగదుగా ఇవ్వడం మాత్రం ఈ నెలతో ఆపేయండి. మీ ఖాతా నుంచి పిల్లల తల్లి పేరున ఉన్న ఖాతాకే, ప్రతి నెలా ఒకే తేదీన పంపండి. ఆ తర్వాత ఆ పెద్దమనుషుల కాగితాన్ని లోక్ అదాలత్ అవార్డుగా, అంటే కోర్టు తీర్పుతో సమానమైన రాజీ ఆర్డర్‌గా, మార్చుకోండి. నెలకు ఎంత అన్నదాని మీద మీ ఇద్దరికీ ఒప్పుకోలు ఉంది కాబట్టి దానికి పెద్ద కేసు వేయాల్సిన పని లేదు.

నేను 23 ఏళ్లుగా నల్లగొండలో వకీలుగా ఉన్నాను. ఎక్కువగా కుటుంబ కేసులే చూస్తాను. తల్లుల తరఫునా వాదించాను, తండ్రుల తరఫునా వాదించాను. మనోవర్తి (పోషణ ఖర్చు) గొడవలు "ఎంత" అన్న దగ్గర మొదలవుతాయి గానీ, చాలావరకు "ఇచ్చాడా లేదా" అన్న దగ్గర చిక్కుపడతాయి.

దేవరకొండ వైపు ఒక తండ్రి ఉండేవాడు. మూడేళ్లపాటు ప్రతి నెలా సంత రోజున మామ చేతిలో డబ్బు పెట్టి వచ్చాడు. ఇచ్చాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. తర్వాత ఆ మామ చనిపోయాడు. భార్య కోర్టులో "నాకు ఏడాదికి రెండు మూడుసార్లే ముట్టింది" అని చెప్పింది. ఆమె కూడా అబద్ధం చెప్పలేదు. ఆ డబ్బులో చాలా భాగం ఇంటి అప్పులకు పోయిందని తర్వాత తెలిసింది. ఇచ్చినవాడు నిజమే చెప్పాడు, పుచ్చుకోని ఆమె నిజమే చెప్పింది, మధ్యలో పిల్లవాడు ఫీజు కట్టలేక బడి మారాడు. మీ బావమరిది మోసం చేశాడని నేను అనడం లేదు. మధ్యలో ఒక చెయ్యి ఉంటే ఇలాగే అవుతుందని చెప్తున్నాను.

కాబట్టి ఆమె సొంత ఖాతా నంబరు అడగండి. జన్‌ధన్ ఖాతా అయినా సరిపోతుంది. ఫోన్‌పేలో పంపేటప్పుడు ఆ నంబరుకు ఎవరి పేరు వస్తోందో చూసుకోండి. ఇంట్లో ఒకటే ఫోన్ ఉండి, దానికి అన్న ఖాతా కలిపి ఉండటం నేను చాలాసార్లు చూశాను. పంపిన ప్రతిసారీ పక్కన "పిల్లల ఖర్చు, జూన్ నెల" అని రాయండి. స్క్రీన్‌షాట్ల మీద ఆధారపడకండి, ఫోన్ పోతే అవీ పోతాయి. ఆరు నెలలకోసారి బ్యాంకుకు వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకుని, ముద్ర వేయించి ఫైల్లో పెట్టుకోండి. మీ జీతం బ్యాంకులో పడితే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేయండి, ఆ తేదీకి అదే వెళ్లిపోతుంది.

ఖాతా నంబరు ఇవ్వకపోతే? "పిల్లల ఖర్చు పంపడానికి సిద్ధంగా ఉన్నాను, ఖాతా వివరాలు ఇవ్వండి" అని స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి రశీదు దాచండి. ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో వేస్తూ ఉండండి. రేపు కేసు అయితే ఆ మొత్తాన్ని కోర్టులో జమ చేయవచ్చు, మీ ఉద్దేశం ఏమిటో అదే చెబుతుంది.

తేదీ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో నెలకు 4,000 వచ్చినా నెట్టుకొస్తున్నవాళ్లున్నారు, 10,000 ఒప్పందం ఉండీ నలిగిపోతున్నవాళ్లున్నారు. తేడా తేదీలో ఉంది. డబ్బు ఏడో తారీఖున తప్పకుండా వస్తుందని తెలిస్తే కిరాణా కొట్టు అతను నెల సామాను అప్పిస్తాడు, బడివాళ్లు వారం ఆగుతారు. ఎప్పుడొస్తుందో తెలియకపోతే ఆ తల్లి మూడు రూపాయల మిత్తికి తెస్తుంది. 10,000 తెస్తే నెలకు 300 మిత్తికే పోతుంది. ఆ 300 పిల్లల పాలు, గుడ్ల డబ్బు. మీకు మిల్లులో డబ్బు ఏ తేదీన చేతికొస్తుందో చూసుకుని, దానికి రెండు రోజుల తర్వాతి తేదీ పెట్టుకోండి. ఆ తేదీ ఆమెకు కూడా చెప్పండి.

పని తగ్గిన నెల గురించి అడిగారు. పూర్తిగా మానేయకండి. 2,000 ఉంటే 2,000 ఆ తేదీకే పంపి, "బండి రిపేరులో ఉంది, మిగతా 4,000 వచ్చే నెల 20లోపు" అని మెసేజ్ పెట్టండి, పెట్టినట్టే పంపండి. వ్యవసాయం చేసేవాళ్లకు నేను ఇంకో పద్ధతి చెప్తాను. నెలకు చిన్న మొత్తం, వానాకాలం వడ్లు ఐకేపీ సెంటర్లో (సర్కారు కొనుగోలు కేంద్రంలో) అమ్మాక ఒకసారి, యాసంగి తర్వాత ఒకసారి పెద్ద మొత్తం. పత్తి రైతులకు, బత్తాయి తోటలున్నవాళ్లకు ఇది బాగా కుదిరింది. అయితే పెద్ద మొత్తం ఏ నెలలకు చెందుతుందో రాతలో ఉండాలి. లేకపోతే మళ్లీ అదే గొడవ.

ఇప్పుడు పెద్దమనుషుల కాగితం సంగతి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని, పదిమంది సంతకాలు పెట్టినా, దాని మీద నేరుగా వసూలు చేయించుకునే దారి లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. కొన్ని కాగితాల్లో "ఇకమీదట పిల్లల ఖర్చులు అడగను" అని తల్లి చేత రాయిస్తారు. అది చెల్లదు. మనోవర్తి పిల్లల హక్కు, దాన్ని తల్లి వదులుకోలేదు, తండ్రి కొనుక్కోలేడు. మీ కాగితంలో అలాంటి మాట ఉంటే దాన్ని నమ్ముకోకండి.

దీనికి బదులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. నల్లగొండ జిల్లా కోర్టు దగ్గర అడిగితే చూపిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు దానిదే ఉంది, మీ భార్యకు అది దగ్గర. మామూలు కాగితం మీద దరఖాస్తు రాసిస్తే చాలు, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. కోర్టు ఫీజు లేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇది 1987 నాటి చట్టంలో ఉన్న హక్కు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్కడ రాజీ కుదిరి అవార్డు ఇస్తే దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. డబ్బు కట్టడం తప్పితే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (అమలు చేయించమని దరఖాస్తు) వేసి జీతం జప్తు దాకా వెళ్లవచ్చు. మనోవర్తి డిక్రీ అయితే జీతంలో మూడో వంతు మాత్రమే ఉద్యోగికి రక్షణ, మిగతా రెండు వంతుల మీదికి కోర్టు చెయ్యి వెళ్లగలదు.

అవార్డులో నెలకు ఎంత అన్నది ఒక్కటే రాయించుకుని వచ్చేస్తారు చాలామంది. ఆ తర్వాత జూన్ వస్తుంది, బడి ఫీజు ఎవరు కట్టాలని కొట్లాట. ఏ తేదీన, ఏ ఖాతాకు, ఎంత, ఎప్పటివరకు అన్నవి రాయించండి. ఫీజు, పుస్తకాలు, బస్సు ఆ 6,000లోనేనా, విడిగానా? పిల్లవాడిని ఆసుపత్రిలో చేర్పిస్తే ఎవరి వాటా ఎంత? ఏటా ఎంత పెరగాలి? ఆరేళ్ల బాబుకు 18 నిండేసరికి 12 ఏళ్లు గడుస్తాయి, ఇవాళ్టి 6,000 అప్పుడు దేనికీ రాదు. ఏటా 500 పెరుగుతుందని ఇప్పుడే రాసుకుంటే మళ్లీ మళ్లీ కోర్టుకు వెళ్లాల్సిన పని ఉండదు.

మీరు ఫీజు నేరుగా బడికి కట్టాలనుకుంటే ఆ మాట కూడా అందులో ఉండాలి. ఆర్డర్లో లేకుండా కట్టినవి, కొనిచ్చినవి "ఇష్టంతో ఇచ్చావు" అంటారు. ఒకాయన పండక్కి బట్టలు, సైకిల్, టాబ్ కొనిచ్చి 22,000 అయ్యిందని బిల్లులు తెచ్చాడు. ప్రేమగానే కొన్నాడు, పిల్లవాడు సంతోషపడ్డాడు. కానీ ఆ నాలుగు నెలలు ఇంట్లో బియ్యానికి డబ్బు రాలేదు. కోర్టు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

ఇంకో మాట తరచుగా వింటాను. "పాపకు గురుకులంలో సీటొచ్చింది, తిండి, చదువు ఉచితం, ఇంకా నేనెందుకివ్వాలి?" మీ పాపకు తొమ్మిదేళ్లు, ఐదో తరగతి గురుకులం పరీక్ష మీకూ దగ్గర్లోనే ఉంది, అందుకే చెప్తున్నాను. పండక్కి, ఎండాకాలం సెలవులకు పాప ఇంటికే వస్తుంది. జ్వరమొస్తే ఇంటికే పంపిస్తారు. రాకపోకల చార్జీలు, సబ్బులు, చెప్పులు తల్లే చూస్తుంది. కొంత తగ్గించమని అడగవచ్చు గానీ, అది కూడా ఆర్డర్ మార్పించుకునే తగ్గించాలి, మనంతట మనం తగ్గించుకోకూడదు.

రాజీ కుదరకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. మీ భార్య పిల్లల తరఫున మనోవర్తి కేసు వేయవచ్చు. ఒకప్పుడు సీఆర్‌పీసీ 125 అనేవాళ్లం. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అయింది. ఆమె ఉంటున్న చోటే వేసుకోవచ్చు, మిర్యాలగూడకు రానక్కర్లేదు. పేషీలకు మీరే అక్కడికి వెళ్లాలి, బండి దిగిన రోజు కూలి పోతుంది. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, మధ్యంతర మనోవర్తి (కేసు తేలేవరకు ఇవ్వాల్సింది) తేల్చాలని చట్టం చెబుతుంది. పేషీలు సాగుతాయి, అది వేరే విషయం.

2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజనీష్ వర్సెస్ నేహా కేసులో రెండు విషయాలు ఖాయం చేసింది. ఒకటి, ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పులు, ఖర్చులు అఫిడవిట్‌లో (ప్రమాణ పత్రంలో) రాసివ్వాలి. రెండు, మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలి. ఈ రెండోది చాలామంది తండ్రులకు తెలియదు. కేసు రెండేళ్లు నడిచి, చివరికి నెలకు 6,000 అని ఆర్డర్ వస్తే ఆ రోజుకే 1,44,000 బాకీ ఉంటుంది. "ఆర్డర్ వచ్చాక ఇద్దాంలే" అనుకున్నవాళ్లు ఇల్లు తాకట్టు పెట్టడం చూశాను.

ఎంత ఇవ్వాలన్నదానికి ఖాయమైన సూత్రం లేదు. నికర జీతంలో 25 శాతం అనే మాట భార్య భరణం కేసుల్లో సుప్రీంకోర్టు వాడింది, పిల్లలకు అదే కొలత అని అనుకోకండి. పిల్లల అవసరాలు, తండ్రి స్తోమత, తల్లి సంపాదన, ఆయన మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రులు, అన్నీ చూస్తారు. చిట్టీలు, బండి ఈఎంఐలు చూపించి జీతం తగ్గించుకుంటామంటే సాధారణంగా ఒప్పుకోరు. పని చేయగల మనిషి "నాకు పని లేదు" అంటే కూడా చెల్లదు, కూలి చేసైనా పోషించాలని సుప్రీంకోర్టు 2022లో అంజు గర్గ్ కేసులో చెప్పింది. తల్లికి కూడా మంచి ఉద్యోగం ఉంటే ఇద్దరూ సంపాదనను బట్టి పంచుకోవాలని 2000లో పద్మజా శర్మ కేసులో తీర్పు ఉంది.

ఆర్డర్ వచ్చాక డబ్బు కట్టడం తప్పితే వారంట్ వస్తుంది. కట్టని ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేయవచ్చు. "జైలుకు పోయొస్తే బాకీ పోతుంది" అని ఊళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. అది తప్పు. జైలుకు వెళ్లినా బాకీ అలాగే ఉంటుందని 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వేరే రాష్ట్రం వెళ్లినా తప్పించుకోలేరు. పాలమూరు నుంచి పుణెకు మేస్త్రీ పనికి వెళ్లిన ఒకాయన అలాగే అనుకున్నాడు. మనిషి ఎక్కడుంటే అక్కడి కోర్టులో ఆర్డర్ అమలు చేయించుకోవచ్చు, ఆయన భార్య అదే చేసింది.

పిల్లలను చూపించడం వేరు, డబ్బు వేరు. ఇది మీకు బాధగానే ఉంటుంది, నాకు తెలుసు. ఏడాదిగా కూతురి గొంతు వినని తండ్రులు నా ఆఫీసులో కూర్చుని ఏడ్చారు. అయినా డబ్బు ఆపితే పిల్లలు దొరకరు, మీ చేతిలో ఉన్న ఒక్క బలం కూడా పోతుంది. పిల్లలను కలవడానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విడిగా పిటిషన్ వేయవచ్చు, లేదా అదే లోక్ అదాలత్‌లో "నెలలో రెండు ఆదివారాలు, రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్" అని వేరే పేరాగా రాయించుకోవచ్చు. నెల తప్పకుండా డబ్బు పంపిన స్టేట్‌మెంట్ జడ్జి ముందు పెట్టిన తండ్రికి, ఆపేసి వచ్చిన తండ్రికి మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఇప్పుడు కొన్ని మాటలు మీ భార్య కోసం. వీలైతే ఆమెకు చూపించండి. అమ్మా, ఖాతా మీ పేరునే ఉండాలి, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి. ఒప్పుకున్నదానికన్నా తక్కువ పంపినా తీసుకోండి, తీసుకున్నంత మాత్రాన మిగతాది వదులుకున్నట్టు కాదు. ఒక నోటుబుక్కులో ఫీజు, మందులు, బట్టల ఖర్చు రాసుకుంటూ బిల్లులు దాచండి. కుట్టుమిషన్ మీద నెలకు నాలుగైదు వేలు వస్తుంటే అఫిడవిట్‌లో దాచకండి. నా కక్షిదారు ఒకామె దాచింది, అవతలి వకీలు ఆమె షాపు బోర్డు ఫొటో చూపించాడు. ఆ తర్వాత ఆమె చెప్పిన నిజాలు కూడా అనుమానంగానే చూశారు. సంపాదిస్తున్నంత మాత్రాన పిల్లల మనోవర్తి పోదు, నిజం చెప్పి అడగండి. కోర్టు ఆర్డర్ ఉండి డబ్బు రాకపోతే నాన్చకండి. 144 కింద వసూలు వారంట్ కావాలంటే, ఆ నెల డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి. "మారతాడేమో" అని నాలుగేళ్లు ఆగి వచ్చిన ఒక తల్లికి ఆ దారిలో చివరి 12 నెలలదే ఇప్పించగలిగాను. అది నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

పిల్లలకు 18 నిండేవరకు 144 వర్తిస్తుంది. ఆ తర్వాత కూడా ఒంట్లోనో మనసులోనో వైకల్యం ఉండి సంపాదించుకోలేని పిల్లలకు కొనసాగుతుంది. హిందూ కుటుంబాల్లో, తనను తాను పోషించుకోలేని కూతురు పెళ్లయ్యేవరకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం కింద అడగవచ్చు. ముస్లిం కుటుంబాల నుంచి కూడా నన్ను అడుగుతుంటారు. వాళ్ల పిల్లలకూ ఇదే సెక్షన్ వర్తిస్తుందని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులైన ముస్లిం మహిళ కూడా దీనికింద అడగవచ్చని 2024 జులై 10న మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే తీర్పు వచ్చింది. పెళ్లి చెల్లకపోయినా, పెళ్లే జరగకపోయినా పిల్లల హక్కు పోదు.

పాపకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవమని మీ భార్యకు చెప్పండి. ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది, 1,50,000 వరకు వేయవచ్చు. చేతిలో నాలుగు రూపాయలు ఎక్కువ ఉన్న నెల మీరు అందులో వేయండి. నెలవారీ 6,000 మాత్రం దీనితో కలపకండి.

చివరగా ఆ 14 నెలల లెక్క. మొత్తం 84,000, వాళ్లు ఒప్పుకున్నది 30,000, తగాదా 54,000 మీద. దీనికి టెన్షన్ పడకండి. ఇప్పటివరకు కోర్టు ఆర్డరే లేదు కాబట్టి ఆ 54,000 కోసం వారంట్ రాదు. రేపు 144 కింద కేసు వేసినా దరఖాస్తుకు ముందు నెలలకు ఇప్పించరు. అలాగని మీరు దాన్ని గెలవాలని కూర్చుంటే రాజీ అక్కడే ఆగిపోతుంది. ఫోన్‌పేలో వెళ్లినవి స్టేట్‌మెంట్‌లో గుర్తు పెట్టండి. నగదు ఇచ్చిన తేదీలు గుర్తున్నంతవరకు రాసుకోండి. ఆ రోజు ఎవరు పక్కన ఉన్నారో కూడా రాయండి. లోక్ అదాలత్‌లో "ఈ తేదీ వరకు పైకం ముట్టింది, బాకీ లేదు" అన్న ఒక్క వాక్యానికి వాళ్లు ఒప్పుకుంటే చాలు. దానికోసం అవసరమైతే ఒక నెల డబ్బు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదనే నేను అంటాను.

వెళ్లేటప్పుడు మీ ఇద్దరి ఆధార్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు లేదా బడి బోనఫైడ్, పెళ్లి కార్డు లేదా ఫొటో, పెద్దమనుషుల కాగితం జిరాక్స్, మీ ఖాతా ఏడాది స్టేట్‌మెంట్, మిల్లు వాళ్లు జీతం రాసిచ్చిన చీటీ తీసుకెళ్లండి. బావమరిదిని కూడా రమ్మనండి, ఆయన అక్కడ ఉంటేనే ఆ నగదు సంగతి అదే రోజు తేలుతుంది.